తొడిమల గదికి ఇద్దరు అతిథులు

పదో తరగతికి అలీన విధానం పాఠం చెప్పడమంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. బోర్డు మీద అటొక పెద్ద గుండ్రం, ఇటొక పెద్ద గుండ్రం గీసి, మధ్యలో మన దేశాన్ని పెట్టి, ఇద్దరితోనూ స్నేహం, ఎవరికీ తాకట్టు కాదు అని చేతులు ఊపుతూ చెబుతాను. పాఠం ప్రకారం ఆ గుండ్రాలు అమెరికా, రష్యా. ఇప్పటి పిల్లలు వార్తలు చూసి వచ్చి, ఒక గుండ్రంలో పేరు చెరిపేసి చైనా అని రాయమంటారు. సరేనని రాస్తాను. గుండ్రాలు అవే, పేర్లు మారతాయి.

ఆ ఏడాది అలా చేతులు ఊపుతుండగా రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. "టీచర్, ఇద్దరితో బాగుంటే ఇద్దరికీ మన మీద అనుమానమే గదా?" అంది.

నాకు కోపం తొందర. జవాబు తెలియని ప్రశ్న అడిగితే ఇంకా తొందర. "కూర్చో, అది పరీక్షలో రాదు" అన్నాను. ఆ పిల్ల కూర్చుంది కానీ, దాని ప్రశ్న కూర్చోలేదు. ఆ వారమే మా అమ్మ పనిచేసే మిల్లులో ఆ ప్రశ్న నాకు మళ్ళీ ఎదురొచ్చింది.

సత్తెనపల్లి దాటాక గుంటూరు రోడ్డు మీద ఉంటుంది ఆ మిరపకాయల మిల్లు. అందులో తొడిమలు తీసే గదికి మా అమ్మ మేస్త్రి. మా పేట ఆడవాళ్ళందరూ ఎండు మిరపకాయల రాశి చుట్టూ పీటలేసుకుని కూర్చుని, ఒక్కో కాయా తీసుకుని తొడిమ తుంచి అవతల పడేస్తారు. చేతులు వాటి పని అవి చేస్తుంటే నోళ్ళు వాటి పని అవి చేస్తుంటాయి. ఎవరింట్లో ఏం కూర, ఎవరి కోడలు పుట్టింటికి పోయింది, పాస్టరుగారి ప్రసంగం ఎంతసేపు సాగింది, అన్నీ ఆ గదిలోనే తేలతాయి. నేను బీఎడ్ చదివింది, గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ తీసుకుని టీచరు ఉద్యోగం తెచ్చుకుంది ఆ తొడిమల మీదే. ఆ సంగతి అమ్మ ఎప్పుడూ అనదు. నేనే అందరికీ చెబుతుంటాను.

ఆ గదిలోకి కొత్తవాళ్ళు అడుగు పెడితే ముందు తుమ్ములు, తరవాత దగ్గు, ఆ తరవాత కళ్ళ నీళ్ళు. మా వాళ్ళకి మాత్రం ఏమీ అవదు. గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను ఒకటి గోడకి ఉంది. పొద్దున కాసేపు తిప్పి ఆపేస్తారు. అది ట్రాక్టరులా మోత పెడుతుంది, కబుర్లు వినపడవు, పైగా కరెంటు దండగ. "మాకు అలవాటేగా" అంటారు మా వాళ్ళు. మిరపకాయ ఘాటుకి బెదిరేవాళ్ళు పరాయి ఊరివాళ్ళని మా పేటలో పెద్ద ధీమా.

అమ్మకి దగ్గు ఉండేది, కాకపోతే అది వయసు దగ్గు అనుకునేవాళ్ళం. పొద్దున లేవగానే కాసేపు, ఆదివారం చర్చిలో ఒకసారి. చర్చిలో కీర్తన ఎత్తుకునేది అమ్మే. గొంతు ఇప్పటికీ కంచు. రెండో చరణం సగంలోకి రాగానే దగ్గు వచ్చి ఆగిపోయేది. ఏళ్ళ తరబడి అదే చోట ఆగి ఆగి, సంఘమంతా కూడా అక్కడ ఆగడం నేర్చుకుంది. అమ్మ దగ్గి, గొంతు సవరించుకుని, చెయ్యి ఎత్తితే అందరూ కలిసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. డోలక్ వాయించే ఆయన ఆ సందులో నుదురు తుడుచుకునేవాడు.

ఇక మిల్లు షావుకారుగారు. మంచి మనిషే, కానీ ఏ మాటా తేల్చి చెప్పడు. జీతం పెంచమన్నా, సెలవు అడిగినా, గోడకి సున్నం వేయించమన్నా ఆయన జవాబు ఒకటే: "చూద్దాంలెండి." అది అవునూ కాదు, కాదూ కాదు. ఆ మాటతోనే ఆయన ఇన్నేళ్ళూ వ్యాపారం నెట్టుకొచ్చాడు. మిల్లుకి ఇద్దరు పెద్ద కొనుగోలుదారులు. ఒకరు చైనా ఆయన. అద్దంకి వైపు నుంచి వచ్చే ఘాటు రకం కాయలు తొడిమతో సహా టిక్కీల కొద్దీ, అంటే బస్తాల కొద్దీ, తీసుకుపోతాడు. రెండోది అమెరికా కంపెనీ తరఫున వచ్చే ఆవిడ. ఆవిడకి తొడిమ తీసిన కాయే కావాలి, ఒక్క తొడిమ కనపడినా ఒప్పుకోదు.

అంటే లెక్క తేలికే. చైనా ఆయన లేకపోతే మిల్లు లేదు. అమెరికావిడ లేకపోతే అమ్మ గది లేదు.

ఆ సీజనులో ఇద్దరికీ ఒకేసారి పట్టుదల వచ్చింది. ఇంకెక్కడో ఒక మిల్లువాళ్ళు ధర పెరగ్గానే అమెరికావిడకి కట్టిపెట్టిన సరుకు చైనాకి తిప్పేశారట. అందుకని ఆవిడ, "ఏడాదంతా మేమే కొంటాం, మీరు వాళ్ళతో తెగతెంపులు చేసుకోండి" అంది. మేలిరకం అమెరికాకి పోయి ఏరగా మిగిలింది తనకి అంటగడతారని చైనా ఆయన భయం. ఆయనా అదే అన్నాడు, అటు తిప్పి. షావుకారుగారు ఇద్దరికీ ఫోనులో చూద్దాంలెండి అన్నాడు. అప్పుడు టీవీలో రోజూ ఇదే గోల. అమెరికా సుంకాలు వేస్తానంటోంది, చైనా సరిహద్దులో ఉంది, మన దేశం ఎటు అని అరుపులు. మన దేశం ఎటో నాకు తెలియదు కానీ, మన షావుకారుగారు గోడ మీద ఉన్నాడని మాత్రం తెలిసింది.

అమెరికావిడ రెండో శనివారం వస్తానంది, చైనా ఆయన సోమవారం వస్తానన్నాడు. బడికి సెలవు కాబట్టి ఇంగ్లీషు మాట్లాడటానికి నన్ను రమ్మన్నాడు షావుకారుగారు. మిల్లు గుమస్తాకి ఇంగ్లీషు రాయడం వచ్చు, మాట్లాడాలంటే మాత్రం బాత్రూముకి పోతాడు. ఆ పూటకి నాకు జరీ అంచు చీర, సెంటు, పది రకాల దర్పం. ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, నవ్వు మొహం. ముందు గదిలో ఏసీ వేసి కూర్చోబెట్టి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, నేను అలా వాతావరణం గురించి మొదలుపెట్టానో లేదో, గేటులోకి ఇంకో కారు వచ్చింది.

చైనా ఆయన! ఖమ్మం మార్కెట్లో పని తొందరగా అయిపోయిందట, సోమవారం దాకా హోటల్లో ఏం చేస్తానని ఇటే వచ్చేశాడట.

షావుకారుగారి మొహం చూడాలి. ఆ మొహంలో రక్తమంతా టిక్కీల్లోకి దిగిపోయినట్టుంది. ఆయన ఒక్క అంగలో బయటికి దూకి, చైనా ఆయన భుజం మీద చెయ్యేసి, పక్కదారిన తీసుకుపోయి తొడిమల గదిలో కూర్చోబెట్టాడు. నన్ను వరండాలోకి పిలిచాడు, అమ్మనీ పిలిచాడు.

"మేస్త్రమ్మా, ఆయన్ని కదలనియ్యబాకండి. ఆవిడ ఎళ్ళిందాకా. కుర్చీ ఎయ్యండి, టీ ఇయ్యండి, కబుర్లు చెప్పండి."

"నాకు చైనా కబుర్లు ఎట్టా వస్తయ్యండీ?" అంది అమ్మ.

"తెలుగు కబుర్లే చెప్పండి. ఆయన పోతే మిల్లు పోద్ది, ఈవిడ పోతే మీ గది పోద్ది. మీకు తెలవందా?"

అమ్మకి తెలుసు. ఆ వేసవి మా పేటలో ఎంతమంది ఇళ్ళలో పొయ్యి ఆ గది మీద వెలుగుతోందో అమ్మకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సరేనని తలూపి లోపలికి పోయింది. షావుకారుగారు గది షట్టరు దింపించాడు. బయట మోత వినపడితే ఆవిడ చూస్తానంటుందని ఫ్యాను కూడా తిప్పొద్దన్నాడు. ఆ గదికీ ముందు గదికీ మధ్య రేకు గోడ ఒక్కటే. ఇటు ఏసీ, అటు కొత్త కాయల రాశి. నాకు గానీ, షావుకారుగారికి గానీ, లోపలున్న ఆడవాళ్ళకి గానీ, అందులో పొరపాటు ఏమీ కనపడలేదు. కనపడితే మేం ఇక్కడివాళ్ళం ఎందుకవుతాం?

కాసేపటికి రేకు గోడ అవతల ఒక దగ్గు వినపడింది.

అమెరికావిడ మాట ఆపి అటు చూసింది. షావుకారుగారు నవ్వాడు. నేనూ నవ్వాను. మళ్ళీ దగ్గు. ఈసారి రెండు, వెంటనే ఒక పెద్ద తుమ్ము, ఆ తుమ్ముకి రేకు గోడ ఘల్లుమంది. "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది ఆవిడ.

"పనివాళ్ళని చెప్పమ్మా" అన్నాడు షావుకారుగారు.

"మా పనివాళ్ళకి అక్కడ దగ్గు రాదండీ, ఆవిడకి తెలుసు, పోయిన ఏడాది చూసింది" అన్నాను తెలుగులో, నవ్వు మొహం చెదరకుండా.

"మరి ఏం చెబుదాం?"

"చూద్దాంలెండి" అన్నాను. ఉడుకుమోతుతనం కొద్దీ ఆ మాట అనేసి, ఆవిడ గ్లాసులో ఇంకాసిని కొబ్బరినీళ్ళు పోశాను.

ఈలోగా లోపల దగ్గు ఆగకుండా తెరలు తెరలుగా వస్తోంది. మనిషికి ఊపిరి అందడం లేదని ఇటే తెలిసిపోతోంది. ఇంతలో షట్టరు పైకి ఎత్తిన చప్పుడు, దాని వెనకే మా అమ్మ గొంతు. ఆ గొంతుకి రేకు గోడ ఒక అడ్డా?

"సచ్చేట్టున్నాడమ్మా బిడ్డ! జరగండే! మిల్లు లేదు, గిల్లు లేదు, ముందు మనిషిని బయటికి తియ్యండి!"

మేం పరుగెత్తుకుంటూ వరండాలోకి వెళ్ళేసరికి, అమ్మ చైనా ఆయన్ని రెక్క పట్టుకుని నడిపించుకొస్తోంది. పాపం ఆయన మొహం పండు మిరపకాయ. కళ్ళలోంచి ముక్కులోంచి ధారలు. మూసిపెట్టిన గది తెరిచేసరికి, లోపల పేరుకున్న ఘాటంతా ఒక్కసారిగా వాళ్ళ వెనకే వరండాలోకి వచ్చిపడింది. అమెరికావిడ "హలో" అనబోయింది. ఆ మాట సగంలోనే దగ్గుగా మారింది. వంగిపోయి స్తంభం పట్టుకుంది.

అమ్మకి ఇక దేశాలు కనపడలేదు. ఇద్దర్నీ ఆరుబయటికి తీసుకుపోయి అక్కడున్న నవారు మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు తెచ్చుకున్న మజ్జిగ తెప్పించి చెరో గ్లాసు చేతిలో పెట్టింది. మాకు ఎవరికి పొలమారినా నెత్తిన తడతారు గదా, అలాగే ఇద్దరి నెత్తుల మీదా రెండు చేతులతో ఒకేసారి తట్టడం మొదలుపెట్టింది. "ఎవరో తలుచుకుంటున్నార్లే, తగ్గుద్ది, తగ్గుద్ది. తాగయ్యా. నువ్వూ తాగమ్మా" అని తడుతూనే ఉంది.

అమెరికావిడ దగ్గుల మధ్య, "ఏమంటోంది?" అని నన్ను అడిగింది.

"మిమ్మల్ని ఎవరో తలుచుకుంటున్నారట. అందుకే దగ్గట" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ తల తిప్పి పక్కనున్న ఆయన్ని చూసింది. ఆయన ఈవిణ్ణి చూశాడు. ఆయనకి ఇంగ్లీషు కొంచెమే వచ్చినా ఆ ముక్క అర్థమైంది. ముందు ఎవరు నవ్వారో చెప్పలేను. మూతికి మజ్జిగ అంటుకుని, కళ్ళు ఎర్రబడి, నెత్తిన అమ్మ చేతులు పెట్టుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళని చూసి మా ఆడవాళ్ళు నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగులు కుక్కుకున్నారు. చైనా ఆయన కారులో ఉన్న సంచీ తెప్పించుకుని, మూతికి కట్టుకునే మాస్కు ఒకటి తీసి అమెరికావిడకి ఇచ్చాడు. ఆవిడ థాంక్యూ చెప్పి కట్టుకుంది.

నవ్వు అయిపోయాక ఆవిడ మాస్కు కిందకి లాగి, షావుకారుగారిని నేరుగా అడిగింది. "ఈయనకి అమ్ముతున్నారా, లేదా?" చైనా ఆయన కూడా గ్లాసు కింద పెట్టి ఆ జవాబు కోసమే చూస్తున్నాడు.

షావుకారుగారు నోరు తెరిచాడు. ఆయన నాలుక చివర ఏ మాట ఉందో మాకందరికీ తెలుసు. అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఎందుకో ఆ మాట మింగేశాడు.

"ఇద్దరికీ అమ్ముతానమ్మా" అన్నాడు. "ఒకళ్ళనే పట్టుకుంటే నాకు నడవదు. ఎవరి సరుకు వాళ్ళ గదిలో ఉంటది. తలుపులు తీసే ఉంటయ్యి, ఎప్పుడొచ్చినా చూసుకోండి. ఇంకెప్పుడూ మూసి పెట్టను. ఇది చెప్పు."

చెప్పాను. ఆ రోజంతటిలో మాటలు వెతుక్కోకుండా చెప్పిన ఇంగ్లీషు అదొక్కటే.

వాళ్ళిద్దరూ ఏమీ తేల్చలేదు. చైనా ఆయన అమ్మకి వంగి నమస్కారం పెట్టి కారెక్కాడు. అమెరికావిడ చేతులు కలిపి వెళ్తూ ఒక మాట అంది.

"ఏమందమ్మా?" అన్నాడు షావుకారుగారు ఆశగా.

"చూద్దాంలెండి అందండీ."

ఆయన అరుగు మీద కూలబడిపోయాడు. ఆ మాటకి అర్థం ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో లేరు మరి.

ఆ తరవాతి రోజులు అమ్మవి. నేను ఎన్ని జోకులు వేసినా నవ్వేది కాదు. "నా చేత్తో నేనే షట్టరు ఎత్తాను. ఇంతమంది నోటికాడ కూడు తీశాను" అనేది. గదిలో ఎవరూ అమ్మని ఒక్క మాట అనలేదు, అది అమ్మకి ఇంకా కష్టంగా ఉండేది. రాశి తరుగుతోంది, కొత్త సరుకు రావడం లేదు. మా పేటలో సాయంత్రాలు కబుర్లు తగ్గాయి. టీవీలో మన దేశం ఎటు అని అరుస్తుంటే అమ్మ లేచి కట్టేసింది. నాకు అమ్మ మీద గర్వంగా ఉండేది, అమ్మకి చెబితే మాత్రం కసిరేది.

వారం గడిచాక ఆదివారం చర్చిలో అమ్మ కీర్తన ఎత్తుకుంది. రెండో చరణం సగంలో దగ్గు, మేమందరం ఆగాం, చెయ్యి ఎత్తింది, మళ్ళీ పాడాం. ఆరాధన అయి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర షావుకారుగారు స్కూటరు స్టాండు వేసి నిలబడి ఉన్నాడు. ఆయన మా పేటకి రావడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కొంగు సవరించుకుని, ఏ మాట వినాల్సి వస్తుందోనన్నట్టు ఆగిపోయింది.

"ఇద్దరూ ఒప్పుకున్నారు మేస్త్రమ్మా!" అని దూరం నుంచే అరిచాడు. "ఎవరూ మొత్తం కొనరంట. చెరి కాస్త తగ్గించారు. అయినా వేసవంతా పని ఉంది, రేపే కొత్త కాయలు దిగుతయ్యి."

పేటంతా ఒక్కసారి సంబరంగా కేకేసింది. అమ్మ ఆకాశం వైపు చేతులెత్తింది.

"కానీ ఒక షరతు పెట్టారు" అన్నాడాయన తల గోక్కుంటూ. "విచిత్రం, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకుండానే ఇద్దరూ అదే రాశారు. ఆ గదిలో ఫ్యాను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆపకూడదంట. ఇంకో రెండు పెట్టాలంట. ఎప్పుడైనా వచ్చి చూస్తారంట."

"మాకెందుకండీ ఫ్యాన్లు? మాకు అలవాటేగా" అంది అమ్మ.

"నేనూ అదే రాయించానమ్మా. పెట్టాల్సిందే అన్నారు."

ప్రపంచంలో ఏ విషయం మీదా కుదరని ఆ ఇద్దరికీ మా అమ్మ గది ఫ్యాను మీద కుదిరింది. ఫ్యాన్లు వచ్చాయి. మొదట్లో మా ఆడవాళ్ళు మోతకి తిట్టుకున్నారు, తరవాత గొంతులు పెంచారు. ఇప్పుడు వాళ్ళ కబుర్లు రోడ్డు మీదికి వినపడతాయి.

బడిలో ఈ కథంతా రెండో బెంచీ అమ్మాయికి చెప్పాను. అనుమానం పోలేదు, ఇద్దరికీ ఉంది, అయినా ఇద్దరూ వస్తున్నారు అన్నాను. ఆ పిల్ల ఊరుకుంటుందా? "మరి ఆ ఇద్దరిలో మనకి ఎవరు ఎక్కువ, టీచర్?" అంది.

"మా అమ్మ ఎక్కువ" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేను నిజంగానే చెప్పాను.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం అమ్మ ఎప్పటిలా కీర్తన ఎత్తుకుంది. రెండో చరణం సగంలోకి రాగానే ఎప్పటిలా మేమందరం ఆగాం. డోలక్ ఆయన నుదురు తుడుచుకోవడానికి తువ్వాలు తీశాడు.

అమ్మ ఆగలేదు. కళ్ళు మూసుకుని, ఒక్కతే, ఆ చరణం చివరిదాకా పాడుకుంటూ పోయింది. మేం నోళ్ళు తెరుచుకుని వింటూ ఉండిపోయాం. అన్నేళ్ళలో ఆ చివరి మాటలు అమ్మ ఒక్క ఊపిరిలో పాడగా మా పేటలో ఎవరం వినలేదు.